సుంకి ఘాటీ ఎక్కుతుంటే పాత ఆల్టో వేడెక్కిపోతోంది, ఒకరు రేడియేటర్ అంటారు ఒకరు ఇంజన్ దించాలంటారు

జయపురం చిన్నోడు

అందరికీ నమస్కారం. మాది జయపురం, కోరాపుట్ జిల్లా. నాన్న కొన్న 2006 ఆల్టో ఎల్ఎక్స్ఐ, ఇప్పుడు లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది, నాన్న పోయాక నేనే నడుపుతున్నాను. అమ్మని నెలకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ట్రైన్లో అంతసేపు కూర్చోలేదు, అందుకే కారు. వెళ్లేటప్పుడు ఏ గొడవా లేదు. తిరిగొచ్చేటప్పుడు సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కడం మొదలెట్టిన పావుగంటకి ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దాటి అలా పైకి పోతూనే ఉంటది, మొన్నయితే హెచ్ గీత దగ్గరికి వెళ్లిపోయి బానెట్ లోంచి ఆవిరి వొచ్చీసింది. చీకటి పడుతోంది, అమ్మ వెనక సీట్లో, ముందు వెనక లారీలు, ఆ గంటసేపు నేను పడ్డ భయం చెప్పలేను.

విచిత్రం ఏటంటే సాలూరు, విజయనగరం మధ్య ఏసీ వేసుకుని ఎనభైలో వెళ్లినా ముల్లు కదలదు. జయపురం మెయిన్ రోడ్డు ట్రాఫిక్ లో కూడా బాగానే ఉంటది, ఫ్యాను తిరగడం వినిపిస్తది. జయపురం నుంచి కోరాపుట్ ఎక్కేటప్పుడు కొంచెం లేస్తది కానీ పైకి చేరాక దిగిపోద్ది. సుంకి దగ్గరే అసలు బాధ.

ఇక్కడ ఒక గ్యారేజీలో రేడియేటర్ పోయింది మార్చీమన్నాడు. ఇంకో ఆయన హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ దాని మీది హెడ్డుకీ మధ్య ఉండే సీలు) పోయింది ఇంజన్ విప్పాలి, పద్దెనిమిది వేలు దాకా అవుద్ది అన్నాడు. ఇద్దరూ చూసింది ఐదు నిమిషాలే. ఇంకో సంగతి, రిజర్వ్ బాటిల్ ఎప్పుడూ నిండుగానే ఉంటది, ఒక్కోసారి పైనుంచి కారిపోద్ది కూడా, కానీ పొద్దున్న రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లు కిందకి ఉంటాయి, అర లీటరు దాకా పడతాయి. మా బోరు నీళ్లే పోస్తున్నాను. ఆ నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఏం చేయాలో చెప్పండి, డబ్బు ఒక్కసారే పెట్టగలను, తప్పు చోట పెట్టలేను.

రాయగడ పాత మెకానిక్

బాబూ, ముందు ఒక మాట. మళ్లీ ఆవిరి వస్తే ఆపు, ఇంజన్ కట్టీ, బానెట్ ఎత్తి ముప్పావుగంట దాని జోలికి వెళ్లకు. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదకి ఎగజిమ్ముతాయి, నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి మెడంతా కాలింది, ఇరవయ్యేళ్లయినా ఆ మచ్చ పోలేదు. వేడి ఇంజన్ లో చల్లనీళ్లు కూడా పోయకు, మీ బండికి బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం, ఒక్కసారిగా చల్లబడితే హెడ్డు వంకరపోద్ది, పగుళ్లు కూడా ఇస్తది. ఇంకోటి, నీళ్లన్నీ పోయాక ముల్లు కిందకి పడిపోవచ్చు, తగ్గిందిలే అని బండి తీసీకు, సెన్సార్ కి నీళ్లు తగలక అలా చూపిస్తది, ఇంజన్లు పట్టేసేది అప్పుడే.

ఇక నీ బండి సంగతి. నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ట్రాఫిక్ లో నిలబడి ఉన్నప్పుడు వేడెక్కితే ఫ్యానో, దాని రిలేనో చూడాలి, నీకు ఫ్యాను తిరుగుతోంది. చదును రోడ్డు మీద ఎనభైలో గాలి బోలెడు తగులుద్ది, ఇంజన్ మీద బరువు తక్కువ, రేడియేటర్ సగం మూసుకుపోయినా నెట్టుకొస్తది. సుంకి దగ్గర అలా కాదు, సాలూరు కింద ఉంది, పొట్టంగి వైపు పైకొచ్చేసరికి ఏడెనిమిది వందల మీటర్లు ఎక్కేస్తాం, రెండో గేర్లో యాక్సిలరేటర్ నొక్కే ఉంటాం, బండి వేగం ఇరవై ముప్పై, వేడి ఎక్కువ పుడతది గాలి తక్కువ తగులుతది. అక్కడ మాత్రమే లేస్తోందంటే చల్లబరిచే సత్తా తగ్గింది అని అర్థం. రేడియేటర్ లోపల మట్టి, బయట రెక్కల్లో దుమ్ము, వాటర్ బాడీ, అదే నీళ్లు తిప్పే పంపు, రెక్కలు తినేయడం, బెల్టు జారడం, ఏదైనా కావచ్చు. హెడ్ గ్యాస్కెట్ కూడా ఘాటీలోనే బయటపడొచ్చు, కాదనను, కానీ ఐదు నిమిషాల్లో చూసి చెప్పే విషయం కాదు అది.

నన్ను ఎక్కువ ఆపింది నీ రిజర్వ్ బాటిల్. బాటిల్ నిండుగా, రేడియేటర్ ఖాళీగా. ఇది ఎలా జరుగుద్దో ఆలోచించు. వేడెక్కినప్పుడు నీళ్లు ఉబ్బి మూతలో స్ప్రింగుని తోసుకుని బాటిల్ లోకి వెళ్తాయి. చల్లారాక రేడియేటర్ లో ఖాళీ ఏర్పడి, మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని, అవే నీళ్లు వెనక్కి లాక్కోవాలి. నీకు వెళ్తున్నాయి, తిరిగి రావట్లేదు. అంటే మూత చచ్చిపోయింది, లేదా మూత నుంచి బాటిల్ కి వెళ్లే సన్న పైపు ఎక్కడో చిట్లి గాలి లాగుతోంది. మూతని చిన్నగా చూడకు. కోరాపుట్ ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత 0.9 బార్ ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్లు 115 దాటే దాకా మరగవు. మూత పట్టకపోతే ముల్లు ఇంకా హెచ్ కి చేరకముందే హెడ్డు చుట్టూ బుడగలు లేచి, ఆవిరి ఉన్నచోట నీళ్లు తగలక హెడ్డు మాడిపోయినంత పని అవుద్ది.

రేపు పొద్దున్న చల్లటి ఇంజన్ మీద ఇవి చెయ్. మూత తీసి అడుగు రబ్బరు చూడు, చీలిందా, గట్టిపడిందా. మధ్యలో చిన్న వాల్వుని గోరుతో లాగితే వచ్చి మళ్లీ గట్టిగా కూర్చోవాలి. రేడియేటర్ నిండా నీళ్లు పోసి మూత తీసే ఉంచి సెల్ఫ్ కొట్టు, మొదటి రెండు నిమిషాలు నీళ్లలోకి చూడు. ఆగకుండా సన్న బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ అనుమానమే. మొదట్లో ఒకటి రెండు పెద్దవి వస్తే అది ఇరుక్కున్న గాలి, దానికి కంగారు పడకు. తర్వాత మూత పెట్టి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై పైపు రాయిలా గట్టిపడితే కూడా గ్యాస్కెట్టే, వేడికి గట్టిపడడానికి అంత తొందరగా కుదరదు. ఆయిల్ మూత కింద మీగడలాంటిది ఉందా, సైలెన్సర్ లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తోందా చూడు. చలికాలం పొద్దున్న కాసేపు వచ్చే పొగ లెక్కలోకి రాదు, అది మీ కోరాపుట్ లో ప్రతి బండికీ ఉంటది.

ఇంకోటి అడుగుతాను, థర్మోస్టాట్, అదే ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్ కి నీళ్లు వదిలే వాల్వు, ఉందా? ఎవరైనా తీసీసారా?

బరంపురం ట్యాక్సీ

థర్మోస్టాట్ గురించి ఎందుకు గురువుగారు, నేను ఇరవై రెండేళ్లు అంబాసిడర్ నడిపాను, అన్నిటికీ తీయించీసేవాళ్లం, మన ఎండలకి అది దండగ. తమ్ముడూ నువ్వు ఘాటీలో ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా పెట్టు, బ్లోయర్ నాలుగులో, అద్దాలు దించు. హీటర్ కూడా చిన్న రేడియేటరే కదా, ముల్లు రెండు గీతలు దిగుద్ది. అమ్మగారికి ఉక్కగా ఉంటది కానీ ఆగిపోవడం కంటే నయం. తప్తపాని ఘాటీలో ఎన్నిసార్లు అలా గట్టెక్కానో. ఇంకా, పై గేర్లో గుంజీకు, రెండులో పెట్టి కాస్త ఆర్పీఎం ఉంచు, వాటర్ పంప్ కూడా ఇంజన్ తోపాటే తిరుగుద్ది, ఇంజన్ నెమ్మదిస్తే నీళ్లూ నెమ్మదిస్తాయి.

రాయగడ పాత మెకానిక్

హీటర్ మాట, గేరు మాట రెండూ నిజం. థర్మోస్టాట్ మాట ఒప్పుకోను అన్నా. కార్బురేటర్ అంబాసిడర్ రోజుల్లో నడిచిపోయింది. ఆల్టో ఎంపీఎఫ్ఐ, అంటే కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు పోసే రకం, నీళ్లు ఎంత వేడి ఉన్నాయో చూసుకుని కంప్యూటర్ పెట్రోలు పోస్తది. థర్మోస్టాట్ లేకపోతే చలిలో ఇంజన్ అసలు పూర్తిగా వేడెక్కదు, ఇంకా చల్లగానే ఉన్నాననుకుని ఎక్కువ పెట్రోలు తాగుద్ది, ఆయిల్లో పెట్రోలు కలుస్తది, సెమిలిగుడ డిసెంబరు చలిలో మరీను. అన్నిటికన్నా నాకు బాధ ఏటంటే, వేడెక్కుతున్న బండికి థర్మోస్టాట్ తీసీడం అంటే జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటి మీంచి దుప్పటి తీసి మందు ఇచ్చామనుకోవడం లాంటిది. రేడియేటర్ మూసుకుపోతూ ఉంటే కొన్నాళ్లు అది కనపడదు, కనపడేసరికి ఘాటీ మధ్యలో ఉంటావు.

సునాబెడ టీచర్

నాది 2003 మారుతి 800, పుట్టిల్లు బొబ్బిలి, కాబట్టి సుంకి ఘాటీ నెలకి రెండుసార్లు ఎక్కుతాను. నాకు జరిగింది చెప్తాను, మీకు పనికి రావచ్చు. మూడేళ్ల కిందట సరిగ్గా ఇలాగే అయింది. రేడియేటర్ బయటనుంచి చూస్తే శుభ్రంగానే కనిపించింది. కానీ ఏసీ బండ్లకి రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ ఉంటుంది కదా, ఆ రెండిటి మధ్య ఖాళీలో ఎర్రమట్టి, పురుగులు, ఎండు గడ్డి పట్టి దుప్పటిలా అయిపోయింది. ముందునుంచి నీళ్లు కొడితే పోదు, పైన బోల్టులు వదులు చేసి కాస్త ఒరిగించి ఇంజన్ వైపునుంచి ముందుకి మెల్లగా కొట్టాలి. వాషింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ తో దగ్గరనుంచి కొట్టించకండి, ఆ రెక్కలు మెత్తని అల్యూమినియం, వంగిపోతే గాలే వెళ్లదు. మన రోడ్ల మట్టి సంగతి తెలిసిందే, దమన్‌జోడి వైపు నుంచి వచ్చే లారీల వెనక ఒక్క నెల తిరిగితే చాలు.

ఇంకోటి తమ్ముడూ, అమ్మగారు కారులో ఉన్నప్పుడు ముల్లు ముప్పావు దాటేదాకా చూస్తూ కూర్చోవద్దు, సగం దాటగానే వెడల్పు చోటు చూసుకుని ఆపండి, మలుపులో ఆపకండి. ఐదు లీటర్ల నీళ్లు, టార్చి, వెనక చక్రాల కింద పెట్టడానికి రెండు కర్ర దిమ్మలు నేను ఎప్పుడూ డిక్కీలో ఉంచుతాను. మీరు తిరుగు ప్రయాణం ఇంకో రెండు గంటలు ముందు పెట్టుకుంటే చీకటి పడకముందే ఘాటీ దాటేస్తారు.

జయపురం చిన్నోడు

అందరికీ చాలా థాంక్స్, ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. రాసింది రాసినట్టు చేశాను బాబాయ్.

బుడగలు లేవు. మూడుసార్లు చూశాను, మా పక్కింటి అబ్బాయి చేత కూడా చూపించాను. పై పైపు మెత్తగానే ఉంది, బాగా వేడెక్కాకే గట్టిపడింది. ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. మూత రబ్బరు మాత్రం ఒక పక్క చీలిపోయి ఉంది, మధ్య వాల్వు తుప్పుతో అతుక్కుపోయి అసలు కదల్లేదు, మీరు చెప్పింది నిజం. థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే లోపల ఏమీ లేదు, ఖాళీ. నాన్న ఉన్నప్పుడే ఎవరో తీసీసి ఉంటారు, చలికాలం ముల్లు పావు దగ్గరే ఉండేది, పెట్రోలు ఎక్కువ తాగేది, మేం బండి పాతబడింది అనుకున్నాం.

టీచర్ గారూ, మధ్యలో మట్టి మీరన్నంత లేదు కానీ ఉంది, కడిగాను.

కొత్త మూత వేశాను, పాతదాని మీద 0.9 అని ఉంది, అదే తీసుకున్నాను. థర్మోస్టాట్ కొన్నాక అమ్మ గిన్నెలో నీళ్లు కాచి దారంతో వేలాడదీసి చూశాను, వంటింటి పొయ్యి మీద, నీళ్లు కళపెళ అనేలోపే మెల్లగా తెరుచుకుంది, చూసి నాకు చాలా ఆనందమేసింది. బిగించి మొన్న కోరాపుట్ దాకా వెళ్లొచ్చాను. ఇప్పుడు బాటిల్ నీళ్లు వెనక్కి వెళ్తున్నాయి, పొద్దున్నకి రేడియేటర్ నిండుగా ఉంది. కానీ ఘాటీలో ముల్లు ఇదివరకటి కంటే తొందరగా లేచింది. మంచి చేయబోతే చెడిందా?

రాయగడ పాత మెకానిక్

చెడలేదు నాయనా, దాగున్న జబ్బు బయటపడింది. థర్మోస్టాట్ బిగించేటప్పుడు దాని అంచున చిన్న కన్నంలో కదిలే పిన్ను ఉంటది, అది పైకి ఉండేలా పెట్టావా? గాలి అందులోంచే బయటకి పోవాలి. అది సరిగ్గా ఉంటే గాలి తీసే పని ఒకసారి చెయ్, ముందు చక్రాలు కొంచెం ఎత్తు మీద ఉండేలా నిలబెట్టు, చల్లటి ఇంజన్ తో మొదలెట్టు, హీటర్ వేడి వైపు పెట్టి, మూత తీసి స్టార్ట్ చేసి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచు, నీళ్లు తగ్గినకొద్దీ పోస్తూ ఉండు.

అది చేశాక కూడా లేస్తే రేడియేటర్ చూడు. పద్ధతి చెప్తాను. బాగా తిరిగొచ్చి ఇంజన్ కట్టీ, ఫ్యాను కనెక్షన్ పీకీ, పీకకుండా చెయ్యి పెట్టకు, ఇంజన్ ఆపినా కొన్ని బండ్లలో ఫ్యాను తిరుగుద్ది. తర్వాత రేడియేటర్ మీద అరచేయి దగ్గరగా పెట్టి ఈ చివరనుంచి ఆ చివరదాకా జరుపు. వేడి ఒకే తీరున తగ్గుతూ పోవాలి. ఎక్కడైనా ఒక పట్టీ చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు పూడిపోయాయి. ఇంకా కింద పైపు చూడు, ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమని చెప్పి, ఆ పైపు చదునుగా అతుక్కుపోతోందా అని. పంప్ లాగే వైపు అది, పైనుంచి నీళ్లు సరిగ్గా రాకపోతే పీల్చుకుపోద్ది.

బెల్టు బిగువు కూడా చూడు, పగుళ్లుంటే మార్చీ. వాటర్ బాడీ కింద సన్న కన్నం ఉంటది, అక్కడ తడి గానీ ఎర్ర చార గానీ ఉంటే లోపల సీలు పోయినట్టు.

బరంపురం ట్యాక్సీ

పూడిపోయి ఉంటే తమ్ముడూ, రాడ్ కొడతామనే వాళ్ల దగ్గరికి వెళ్లకు. మా అంబాసిడర్ల రాగి, ఇత్తడి రేడియేటర్లకి ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో రాడ్ దూర్చి శుభ్రం చేసి మళ్లీ టంకం పెట్టేవాళ్లు. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం గొట్టాల రేడియేటర్ కి అది కుదరదు, చిల్లు పడుద్ది. థర్మోస్టాట్ విషయం గురువుగారు చెప్పింది నిజమే అనిపిస్తోంది, నా పాత బండ్లు వేరు, ఇవి వేరు.

జయపురం చిన్నోడు

గాలి తీశాను, పిన్ను పైకే ఉంది. ఇక చెయ్యి పెట్టి చూశాను. కింద వైపు నాలుగు వేళ్ల వెడల్పున పూర్తిగా చల్లగా ఉంది, పైన చెయ్యి పెట్టలేనంత వేడి. కింద పైపు కూడా రేస్ ఇస్తే లోపలికి పోతోంది. అంటే మొదటి గ్యారేజీ ఆయన చెప్పింది నిజమే అయింది, రేడియేటరే, కానీ ఆయన మాట విని మూత చూడకుండా థర్మోస్టాట్ లేకుండా కొత్త రేడియేటర్ వేసుంటే మళ్లీ అదే బోరు నీళ్లు పోసుకుని రెండేళ్లకి అక్కడికే వచ్చేవాడిని.

పాత రేడియేటర్ తీసి తలకిందులు చేస్తే ఇటుక పొడిలాంటిది గుప్పెడు రాలింది. అమ్మ అది చూసి "ఇదా బాబూ మనల్ని చీకట్లో నిలబెట్టింది" అంది.

కొత్తది వేయించాను, అదే గ్యారేజీలో, ఆయనకి జరిగినదంతా ఒడియాలో చెప్పాను, ఓపిగ్గా విన్నాడు. ఇంజన్ లో మిగిలిన తుప్పు పోవడానికి హోస్ పైపుతో రెండు వైపుల నుంచీ నీళ్లు వదిలి తేటగా వచ్చేదాకా కడిగాం. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోశాం. ఒక భయం మాత్రం ఉంది, ఇన్నిసార్లు వేడెక్కింది కదా, హెడ్డు ఏమైనా వంగి ఉంటదా?

రాయగడ పాత మెకానిక్

బుడగలు లేవు, నీళ్లు తగ్గట్లేదు, ఆయిల్ శుభ్రంగా ఉంది, అలాంటప్పుడు హెడ్డు విప్పడం పాపం. తృప్తి కోసం కంప్రెషన్, అదే సిలిండర్లలో ఒత్తిడి, చూపించు, మూడు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉంటే చాలు. పక్కపక్కన రెండు మాత్రమే బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ కాలినట్టు. ఎప్పుడైనా విప్పాల్సి వస్తే మాత్రం గ్యాస్కెట్ మార్చి ఊరికే మూసీనివ్వకు, హెడ్డు మీద స్టీలు స్కేలు పెట్టి ఫీలర్ గేజ్ (సన్న రేకుల కొలత) తో కొలిపించు, 0.05 మిల్లీమీటరు దాటి వంగితే ఫేసింగ్, అంటే గీకి చదును, చేయించాల్సిందే.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక కూలెంట్ రంగు ఒకసారి చూడు, మళ్లీ టీ రంగు తిరిగితే దింపీసి కొత్తది పొయ్యి, బ్లాకులో పట్టిన తుప్పు ఒక్క కడుగుడికి పోదు. తగ్గితే బోరు నీళ్లు పోయకు, ఆ కూలెంట్ సీసాలోదే డిస్టిల్డ్ వాటర్ తో సగం సగం కలిపి ఒక లీటరు డిక్కీలో ఉంచుకో. వేరే రంగుది కలపకు.

సునాబెడ టీచర్

సుంకి ఎక్కి వచ్చాక తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.

జయపురం చిన్నోడు

నిన్న వచ్చాం. అమ్మ, నేను, అక్క, అక్క కొడుకు, వెనక రెండు బియ్యం బస్తాలు. టీచర్ గారు చెప్పినట్టు మధ్యాహ్నమే బయల్దేరాం. ఏసీ కట్టీసి మొదలెట్టాను, సగం దారిలో ముల్లు సగం దగ్గరే ఉందని ఏసీ వేశాను, ఒక ముల్లు మందం లేచి అక్కడే ఆగింది, ఫ్యాను వస్తోంది, ఆగుతోంది. సుంకి ఊరు దాటాక పక్కకి ఆపి బానెట్ ఎత్తి చూశాను, ఎక్కడా తడి లేదు. అమ్మ దిగి గట్టు మీద కూర్చుని టీ తాగింది, కిందటిసారి ఆవిరొచ్చి ఆగిపోయింది దాదాపు ఆ చోటే. ఇంటికొచ్చి పొద్దున్న చూస్తే రేడియేటర్ మూత దాకా నిండుగా ఉంది, బాటిల్ గీత దగ్గర ఉంది. కంప్రెషన్ మూడూ సమానంగానే వచ్చాయి.

రాయగడ పాత మెకానిక్

చాలా సంతోషం బాబూ. పైపులు మార్చావా? కొత్త మూత ఒత్తిడి పట్టడం మొదలెట్టింది కాబట్టి ఇన్నాళ్లూ బరువు లేని పాత రబ్బరు పైపులు ఇప్పుడు చిట్లుతాయి. నొక్కితే కరకరమన్నా, క్లాంపు దగ్గర ఉబ్బినా మార్చీ.

జయపురం చిన్నోడు

పైదీ కిందదీ రేడియేటర్ తోపాటే మార్చాం బాబాయ్. హీటర్ పైపులు రెండూ పాతవే, చూస్తే ఒకటి క్లాంపు దగ్గర పగుళ్లిచ్చింది. వచ్చే నెల విశాఖ వెళ్లేలోపు అవి కూడా మార్చీస్తాను.